నరసాయమ్మ తొమ్మిది చెట్లు

ఆ పాడునుయ్యి వైపు ఎవరూ వెళ్ళరు కదా, ఎందుకెళ్ళరో తెలుసా మీకు? పాములంటారు, పాముల్లేని చోటు ఈ లంకలో ఎక్కడుందర్రా? ఆ నుయ్యి చుట్టూ తొమ్మిది కొబ్బరిచెట్లున్నాయి, కాయలు ఎండి రాలి అక్కడే మొలకెత్తుతుంటాయి, ఒక్క వెధవైనా ఏరుకొస్తాడా? రాడు. దగ్గరికి జరగండి, చెబుతాను. మధ్యలో ఎవరైనా నవ్వారో లేచిపోతాను, ఈ కథ ఎత్తితేనే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ చెట్లు నరసాయమ్మవి. మొగుడు పోయాక, పిల్లాజెల్లా లేని మనిషి, పెరట్లో ఆ నూతి చుట్టూ తన చేత్తో తొమ్మిది గోతులు తవ్వి, అడుగున ఇంత ఉప్పూ ఇంత బూడిదా పోసి మొక్కలు పెట్టింది. ఆ మొక్కల్ని కావిడేసుకుని మోసుకొచ్చినవాడు గంగులు, దింపు తీసేవాడు, అదే, చెట్టెక్కి కాయలు దింపేవాడు. ఇక చూడండి, ఆవిడ ఆ నూతిలోంచి కడవలకి కడవలు తోడి పోసేది, చేపలు కడిగిన నీళ్ళు కూడా పారబొయ్యకుండా వాటి మొదట్లోనే పోసేది, కొమ్ముపురుగు మొవ్వులో దూరితే గొడుగుచువ్వతో గుచ్చి లాగి కాలికిందేసి నలిపేది. ఏడేళ్ళర్రా! ఏడేళ్ళకి గెలేస్తే మొదటి బొండం గంగులుకే కొట్టించి ఇచ్చింది, నువ్వు మోసుకొచ్చిన మొక్కేరా, తాగు అని.

గంగులు గొంతు గురించి చెప్పాలి. చెట్టెక్కినవాడికి నాలుగిళ్ళ పెరళ్ళూ కనబడతాయి కదా, తడికల చాటున ఆడవాళ్ళు నీళ్ళు పోసుకుంటుంటారు కదా, అందుకని ఎక్కేముందు కేకెయ్యాలి, ఇంటావిడ ఎక్కమన్నాకే ఎక్కాలి. ఇప్పుడెవడేస్తున్నాడు, సిగ్గూశరం లేకుండా! గంగులు “చెట్టెక్కుతున్నానమ్మోయ్” అన్నాడంటే మూడు వీధులు దద్దరిల్లేవి. లోపల్నించి నరసాయమ్మ “ఎక్కు నాయనా” అనేది.

చెట్లు ఎదిగాయి, ఆ కాయలమీదే ఆవిడ గంజి తాగింది. అప్పుడు మరిది అబ్బులుకి కన్ను కుట్టింది. ఏనాడూ చెంబుడు నీళ్ళు పొయ్యని ఆ పెద్దమనిషి, చెట్లు నేను పెట్టించాను, వదిన ఊరికే నీళ్ళు పోసింది అని పెద్దల్ని కూర్చోబెట్టాడు. మా నాన్న కూడా అందులో ఒకడు, మా నాన్నని నేను దాచను. గంగుల్ని పిలిచారు. మొక్కలు ఎవరికి తెచ్చావురా, ఎవరు పెట్టారురా అన్నారు. గంగులుకి అబ్బులు తోటలో నలభై చెట్ల దింపు ఉంది, నిజం చెబితే రేపట్నించి పొయ్యిలో పిల్లి లేవదు. తలొంచుకుని, గుర్తులేదండి అన్నాడు. మూడు వీధుల గొంతు, పక్కవాడికే సరిగా వినబడలేదట. చెట్లు అబ్బులువేనని పెద్దలు తేల్చేశారు.

ఆ చెట్లకీ నూతికీ కలిపి అబ్బులు దడి కట్టేశాడు. నీళ్ళందక పిందెలు రాలుతుంటే ఆవిడ దడి అవతల ఖాళీ కడవతో నిలబడేది. తొలకరి రాకముందే పోయింది. జ్వరం అన్నారు. జ్వరమా, నా మొహమా! ఈ ఊరు నోరు మూసుకుని చంపింది ఆవిణ్ణి!

నెల తిరక్కుండా అబ్బులు దింపు తియ్యమన్నాడు. మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది. గంగులు నడుముకి కత్తి కట్టుకుని, అలవాటు చొప్పున “చెట్టెక్కుతున్నానమ్మోయ్” అన్నాడు. లోపల్నించి “ఎక్కు నాయనా” అని వినబడింది. అలవాటే కదా, ఎక్కేశాడు. సగం చెట్టెక్కాక గుర్తొచ్చింది, ఆ మనిషి పాడె తనే మోశాడని.

కిందకి చూస్తే ఏముంది? నరసాయమ్మ కడవతో చెట్టు మొదట్లో నీళ్ళు పోస్తోంది. తలెత్తి, ఇప్పుడు గుర్తొచ్చిందా గంగులూ, ఈ చెట్లు పెట్టిందెవరు అని అడిగింది. దిగుదామంటే కాళ్ళు మానుకి అతుక్కుపోయాయి. నువ్వేనమ్మా అన్నాడు గొణుగుతూ. వినబడలేదంది. నువ్వేనమ్మా అని ఏడ్చాడు.

“నాకెందుకురా, నాకు తెలీదా? ఊరికి చెప్పు!”

అప్పుడొచ్చిందర్రా ఆ గొంతు! “నరసాయమ్మ పెట్టిందర్రోయ్! మొక్కలు మోసింది నేనేనర్రోయ్! కూటికి భయపడి అబద్ధమాడానర్రోయ్!” అని అరిచాడు. ఆడవాళ్ళు తడిబట్టల్తో బయటికొచ్చేశారు, మా నాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. ఊరంతా విన్నాక “దిగు” అందిట. దిగాడు. నూతి దగ్గర చేద పొడిగానే ఉంది, చెట్టు మొదలు మాత్రం బురద బురదగా ఉంది, అది మా నాన్న కళ్ళారా చూశాడు.

అబ్బులుకి బుద్ధొచ్చిందా? నా చెట్టెక్కడానికి నేనెవర్ని అడగాలని మర్నాడు కేకైనా వెయ్యకుండా తనే ఎక్కాడు. ఎక్కడం ఊరంతా చూసింది. దిగమని వాడితో ఎవరూ అనలేదు. సాయంత్రానికి నలుగురు కలిసి తాళ్ళు కట్టి దింపారు, వాణ్ణి కాదు, శవాన్ని.

గంగులు మరి చెట్టెక్కలేదు. ఆ అరుపుతో గొంతు పోయింది, చచ్చేదాకా సైగలే. నిజం చెప్పాల్సిన రోజున చెప్పుంటే ఆ గొంతూ ఉండేది, ఆ మనిషీ ఉండేది. నాకు వాడిమీదా కోపమే, మా నాన్నమీదా కోపమే.

అందుకని అటు వెళ్ళకండి. వెళ్తే ఆవిడ మిమ్మల్నేమీ చెయ్యదు, ఎవరు పెట్టారని ఒక్క మాట అడుగుతుంది, ఊరికి వినబడేలా చెప్పాలి. మొన్న దేవుడి మాన్యం ఎవడు కలిపేసుకున్నాడని అందరిముందూ అడిగితే ఒక్కడైనా నోరెత్తాడా మీలో? ఇక లేవండి, అన్నాలు చల్లారిపోతాయి.