గోడ మీద దండేసిన ఫోటో

నేను సచ్చిపోయిన్నని మీకెవరు చెప్పిండ్రు సార్? ఓటరు లిస్టుల నా పేరు కొట్టేసింది మీరేనంట గదా! ఫిలింనగర్ గుట్ట దిగి, మీరు పాఠాలు చెప్పే షేక్‌పేట బడి దాంక నడుసుకుంట వచ్చిన. జర సూడుండ్రి, ఎట్ల ఆయాసమొస్తున్నదో. సచ్చినోళ్లకు ఆయాసమొస్తదా?

ఏందీ, ఇంటికొచ్చి సూసే రాసిండ్రా? తాళమేసి ఉంటే కిటికీలకెల్లి తొంగిసూసిండ్రు. గోడకు నా ఫోటో, దానికి గంధం దండ. ముసల్ది పోయిందనుకున్నరు. పక్కింటి ఎల్లమ్మను ఒక్కమాట అడిగితే మీ నోట్లకెల్లి ముత్యాలు రాలిపోతుండెనా?

అయ్యో, అది సినిమా ఫోటో సార్! నేను జూనియర్ ఆర్టిస్టును. గుంపుల నిలబడుడే నా పని. ఒక్కపాలి హీరో తల్లి వేషం దొరికింది. వేషమంటే ఏముంది, కథ మొదలయ్యేటాల్లకే సచ్చిపోయి ఉండాలె. ఫోటో ముంగట హీరో 'అమ్మా' అని ఏడుస్తుంటే, పక్కకు నిలబడి నేను సుత ఏడ్చిన. షూటింగు అయినంక పారేస్తుంటే దండతోనే ఇంటికి తెచ్చుకున్న.

సచ్చినోళ్ల పేర్లు తియ్యాలె, నేనేమన్న వద్దంటున్ననా? టీవీల ఒకాయన దొంగ ఓట్లంటడు, ఇంకొకాయన పేదోళ్ల ఓట్లు కోస్తుండ్రంటడు. ఆళ్లిద్దరి లొల్లిల నా పానం పోయింది. పైన జూబ్లీహిల్స్ బంగ్లాలోళ్ల పేర్లు సక్కగుంటయి, రమ్మన్నా ఓటుకు రారు. వస్తనన్నదాన్ని నన్ను సంపిండ్రు.

మా సినిమాలల్ల ఒక పద్ధతుంటది సార్. ఎవరన్న సచ్చే సీను చేస్తే, అయిపోంగనే ఆళ్లు నవ్వేటి షాటు ఒకటి తీస్తరు, కీడు పోవాలని. మీరు గదన్న తియ్యకుంట పోతిరి!

నవ్వుతున్నరా? ఒక్క ఓటుకు గింత లొల్లా అని గదా? సెట్టు మీద నన్ను 'ఏయ్, ఎర్రచీరా' అని పిలుస్తరు. పచ్చది కట్టుకుంటే పచ్చచీర. పోలింగు దినం ఒక్కనాడే సార్, లిస్టు సూసి 'బాలమణి' అని పదిమంది ముంగట గట్టిగ సదువుతరు. గది ఇనేతందుకే ఉతికిన చీర కట్టుకోని పొద్దుగాలనే పోత. ఎంత మంచిగనిపిస్తదో మీకేమెరుక!

ఏందీ? పేరు మళ్ల ఎక్కిచ్చే తేదీ దాటిపోయిందా? ఈసారికి కాదా?

పోనియ్యుండ్రి. మిమ్ములనేమంట.

ఫోటో తీసెయ్యమంటరా? దండ తీస్త సార్, ఫోటో తియ్య. తెర నిండ నా మొకమే కనబడ్డది గా ఒక్కపాలే. బతికున్నదాని వేషం నాకింకా ఎవ్వరియ్యలే, ఆఖరికి మీరు సుత.