బూట్లకు వేయించిన టైరు ముక్క

మా అమ్మాయికి రేపు గుంటూరులో కానిస్టేబుల్ పరుగు పరీక్ష. సంచి సర్దుకుంటూ ఒక బూటు చేతిలోకి తీసుకుంది.

"అమ్మా, ఇదేంటి ఇంత బరువుగా ఉంది?"

"బూటు అడుగు అప్పడంలా ఉంటే ముల్లు దిగుతుందని భయమేసిందే. టైరు ముక్క వేయించా."

"పల్చగా ఉంటాయనే కదమ్మా ఏరి కొన్నది! నా వెడల్పు పాదాలకు వేళ్లు నొక్కకుండా పట్టిన జత ఇదొక్కటే."

"చిన్నప్పట్నుంచీ మిరప కల్లంలో ఉత్త కాళ్లతో తిప్పాను. అందుకే పాదాలు అలా పరుచుకున్నాయి."

"ఆ పాదాలతోనేగా ఇంత పరిగెడుతున్నా! ఆ టైరు పీకేద్దాం."

"మరీ బరువైందని రెండో బూటుకు ఇందాకే పీకి చూశానే. అడుగుతో సహా ఊడొచ్చింది."

"...సరేలే. ఉత్త కాళ్లతోనే పరిగెడతా."

"గాజు పెంకులుంటాయే తల్లీ!"

"ఉంటే ఉంటాయి. ఏడవకు."

"అయితే పొద్దున్నే నన్నూ తీసుకెళ్లు. నీకంటే ముందు నువ్వు పరిగెత్తే దారంతా నేను ఉత్త కాళ్లతో నడిచొస్తా."