పెద్దమ్మ ముక్కు

సుత్తి ఆడ పెట్టు బావా. పెట్టమంటాంటే వినవేం? ఆపరేషనై మూణ్ణెల్లు కాలే, అప్పుడే రాళ్లు కొట్టను లేచినావు. బరువెత్తొద్దని డాక్టరు నీకు చెప్పినాడా, గోడకు చెప్పినాడా?

ఏందీ, జయప్రకాషన్న వస్తాండాడా? తెల్సులే. ఉయ్యాలవాడ నుంచి నాకూ ఫోన్ చేసినాడు. వాళ్లూరి గుడికి మనం చేసిచ్చిన పెద్దమ్మ తల్లి విగ్రహం చూసి పక్కూరోళ్లు కూడా ఒకటి కావాలన్నారంట. అదే ముఖం కావాలంట, చెక్కే చెయ్యీ అదే కావాలంట. అది విన్నప్పట్నుంచి నీ కాళ్లు నేలమీద నిలవడం లే. ఆళ్లగడ్డలో నా అంత శిల్పి లేడని టీకొట్టుకాడ చెప్పొచ్చినావంట కదా.

కూర్చో. ఒక మాట చెప్పల్ల.

ఆ విగ్రహం చేసిన నెలలు నీకేమన్నా గుర్తుండాయా? లేవు కదా. లివర్‌కు పోయే నరం మూసుకుపోయి నువ్వు నెత్తురు కక్కితే, మొదటి ఆపరేషన్‌లో ఆ రక్తాన్ని పక్కదోవ పట్టించినారు. కక్కడం నిల్చిందని సంతోషపడితిమి. ఆనక లివర్‌కు రక్తమే అందక, అది కడగాల్సిన చెడంతా నీ తలకెక్కె. పగలంతా నిద్ర. చెయ్యి చాపితే కాకి రెక్క మాదిరి కొట్టుకునేది. ఒగరోజు నంద్యాల బస్టాండులో కూర్చోని, మా ఇల్లు యాడ అని కండక్టర్‌నే అడిగినావంట. చుక్క ముట్టని మనిషివి, వీధంతా తాగుబోతని పేరు పెట్టినారు. ఇప్పుడు నవ్వొస్తాది గానీ, అప్పుడెంత ఏడ్చినానో నాకు తెల్సు.

రెండో ఆపరేషన్‌లో మెడలో నరం తీసి లివర్‌కు అతికి, రక్తాన్ని దాని దోవన పెట్టినాకనే కదా నా మొగుడు నాకు దొరికింది. నాలుగో రోజు ఉప్మాలో ఉప్పు లేదని తిట్టినావు చూడు, ఆ తిట్టుకు నర్సుల ముందే చేతులెత్తి మొక్కినా.

సరే, అసలు మాటకొస్తా. ఆ రెండో ఆపరేషన్‌కు ముందే పెద్దమ్మ జాతర దగ్గరపడె. విగ్రహానికి ఒళ్లయింది, ముఖం కాలే. ఆ వణికే చేత్తో నువ్వు ఉలి పడితే అమ్మ ముక్కు పోతాదని నాకు భయం. మనింట్లో ఆడోళ్లు చెక్కిన రాయిని నున్నగా రుద్దల్లే గానీ ఉలి పట్టగూడదని మీ నాయన కట్టడి. పన్నెండేండ్లు నీ పక్కన కూర్చోని రుద్దినా బావా. ఏ దెబ్బ యాడ పడల్లో నాకు తెలీదా?

నువ్వు నిద్రపోతాంటే తలుపేసుకోని చెక్కినా. ముక్కు, పెదాలు, అందరూ మెచ్చుకుంటాండే ఆ నవ్వు, అన్నీ నావే.

నన్నట్ల చూడొద్దు. నీ పేరు తీసెయ్యల్లని కాదు. జయప్రకాషన్నకు మాత్రం నువ్వే చెప్పల్ల, నేను చెప్పను. ఈసారి నేను చెక్కుతా, నువ్వు రుద్దు.

ఇంగో మాట. ఇది ఎవరికీ చెప్పలే. నీ నిద్ర మంచిది కాదని, లేపుతా ఉండమని డాక్టరు చెప్పినాడు. లేపినా. కానీ ఆ పెదాలు చెక్కిన రోజు లేపలే. ఇంకొంచెంసేపు నిద్రపోనీ తల్లీ అని ఆ రాయికే మొక్కినా. నువ్వేమైపోతావో అని భయం ఒగపక్క, చేతినిండా సంతోషం ఇంగోపక్క.

ఈసారి నువ్వు మేలుకోని చూస్తాంటే చెక్కల్లని ఉంది బావా.