గుర్రం లేని పుట్టినరోజు

లాలప్పకి పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడంల్యా. ఇంట్లోకి పోతాడంట, బయటికొస్తాడంట, కొట్టంలోకి తొంగి చూస్తాడంట, ఆడేముంది, ఉత్త గుంజ. మళ్ళా ఇంట్లోకి. ఆయప్ప పెండ్లాం సుంకమ్మ పొయ్యికాడ ఉలవలు ఉడకేస్తా, "ఏమయ్యో, కాల్లో ముల్లిరిగిందా, ఒకచోట కూచోరాదా" అంటే కూచుంటాడంట, కూచున్నోడు మళ్ళా లేస్తాడంట. ఏంటికంటే ఆ పొద్దు గవ్వ పుట్టినరోజు. గవ్వ అంటే వాళ్ళ గుర్రం, ఆడగుర్రం, తెల్లగా గవ్వ మాదిరి ఉంటాదని ఆ పేరు. పుట్టినరోజైతే వచ్చింది గానీ గుర్రం ల్యా. ఏడు నెల్ల కిందట సంతలో అమ్మేసినాడు. రేయ్ జిలానీ, గ్రూపులో టైపింగ్ టైపింగ్ అని చూపిస్తాంది నీది, ఏం రాయొద్దు, చెప్పేదాంక గమ్మునుండు. ఇది మా అవ్వ చెప్పిన కత, నేనప్పుడు ఉయ్యాల్లో ఉండా, కాబట్టి నువ్వు చూసినావా అని అడగొద్దండి ఎవురూ.

లాలప్పకి జట్కా బండి ఉండె. గవ్వ కార్తీకం మూడో సోమారం పుట్టిందంట, పుట్టిన పొద్దే తల్లిగుర్రం సచ్చిపోయె, మేకపాలు తాపి సాకినాడు. చంటిబిడ్డకి తాపినట్ల, పెద్ద పాలపీక, నువ్వు నవ్వుకో. అప్పుట్నుంచి ప్రతి కార్తీకం మూడో సోమారం దానికి పుట్టినరోజు. ఎట్ట చేస్తాడంటే, వేణ్ణీళ్ళతో కడిగి, కాళ్ళకి పసుపు పూసి, ఎర్రనీళ్ళు దిష్టి తీసి, దాని మెడకుండే పలుపుకి ఒక గవ్వ కడతాడు. ఏడాదికొక గవ్వ. ఏడేండ్లకి ఏడు గవ్వలు. అది నడిస్తే మెడకాడ గలగల, గలగల. ఆమైన ఊరందరికీ ఉలవ గుగ్గిళ్ళు, మొదటి పిడికిడి మాత్రం గవ్వకే. ఇద్దరు కూతుర్లు పెండ్లయి పోయినారు గదా, పెద్ద కూతురొకసారి అడిగిందంట, నాయనా నా పుట్టినరోజు ఎప్పుడు అని. ఆయప్ప బాగా ఆలోచన చేసి, "నువ్వా, నువ్వు కరువులో పుట్టినావు" అన్న్యాడంట. చిన్నకూతురు నేనో అంటే, "నువ్వు దాని మరుసటి కరువులో."

సరే, ఏమైందంటే, ఆ ఏడు ఎండలకి ఊళ్ళో గడ్డిపోచ ల్యా, సొప్ప ల్యా, మనుషులకే తాగనీకి నీళ్ళు ల్యా. గవ్వకి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, అట్టయిపోయె. రాత్రంతా గుంజ చుట్టూ తిరుగుతానే ఉంటాదంట, ఆకలికి. లాలప్ప దాంతోపాటే లేచి కూచుంటాడంట. ఇంక చూళ్ళేక, యాడైనా గడ్డి ఉండేచోట బతకనీలే అని సంతకి తోలుకపోయినాడు. ఆడ ఓబులేసని ఒకడు, కాలవ పక్క ఊరోడు, ఒంటిగాడు, పెండ్లికొడుకుల్ని ఊరేగించేకి గుర్రం కావల్ల అని కొన్న్యాడు. మాట అయిపోయినాంక లాలప్ప గుర్రం మెడలోంచి పలుపు తీసుకొని, చుట్టి, భుజానికేసుకొని వచ్చేసినాడు. మా పక్క అంతేబ్బా, గొడ్డుని అమ్మినా గుర్రాన్ని అమ్మినా పలుపియ్యరు. కొన్నోడు తన తాడు తానే తెచ్చుకోవల్ల. పలుపు పరాయోని చేతిలో ఇల్లు దాటితే ఆ కొట్టంలో ఇంక ఏ జీవమూ నిలవదంట, లచ్చిమి ఎలబారిపోతాదంట.

ఇంగ పుట్టినరోజు కాడికొస్తా. గుర్రం లేకపోయినా సుంకమ్మ ఉలవలు ఉడకేసింది. తిడతానే ఉడకేసింది, అది వేరే. లాలప్ప పలుపు తీసి కొట్టంలో గుంజకి తగిలించి, ఎనిమిదో గవ్వ చేతిలో పట్టుకొని, కట్టల్నా వద్దా, కట్టల్నా వద్దా అని ఇట్ట తిప్పుతాండాడు అట్ట తిప్పుతాండాడు. అంగడి నరసక్క గిన్నె తీసుకొనొచ్చి, "ఏం లాలన్నా, తాడుకి పుట్టినరోజు చేస్తాండావంట, మా ఇంట్లో చాటకి గూడా రేపే, రాండి" అనె. అందరూ నవ్వె. నవ్వతా గుగ్గిళ్ళు తినె. ఆయప్ప మాత్రం "మొదటి పిడికిడి పక్కన పెట్టినావా" అని పెండ్లాన్ని అడుగుతాండాడు. పక్కన పెట్టింది, ఆమెకి తెలీదా.

అప్పుడొచ్చినాడు చూడు ఓబులేసు. ఒక్కడే. భుజానికి కట్టు, మొగమంతా దుమ్ము, వచ్చిందే వాకిట్లో నిలబడి, "ఓ లాలప్పా, ఆ పలుపు ఇట్టియ్యి" అన్న్యాడు. బాగుండావా అనేది ల్యా, కూచునేది ల్యా. ఏందబ్బా ఏమైందంటే, ఏమైందా అని కట్టు విప్పి చూపించినాడంట, భుజం మీద పండ్లచ్చులు, పైనాలుగు కిందనాలుగు. "నీ గుర్రం పదకొండు తాళ్ళు తెంపింది. ఏ తాడు ఏసినా తలకాయ ఇట్ట పక్కకి పెట్టి వింటాది, ఏదో వినపడాలన్నట్ల. వినపడకపోతే ఇంక చూస్కో, ఒకటే దూకుడు. పెండ్లికొడుకుని ఎక్కిస్తే పోయి కాలవలో దించింది. ఇప్పుడు కాళ్ళకి సంకెలేసి పెట్టినా. పలుపియ్యి, ఇయ్యకపోతే శుక్రారం లారీకెత్తి పంపిస్తా, యాడికి పోతాదో నేనడగను." సంకెల అనేటప్పటికి లాలప్ప మొగంలో నెత్తురు ల్యా. పలుపిస్తే గవ్వ ఇంక ఈ ఇంటిది కాదు, మిగిలిండేది అదొక్కటే గదా. ఇయ్యకపోతే లారీ. ఇచ్చేద్దామని కొట్టంలోకి పోతాడు, పలుపు ముట్టుకుంటాడు, ఒట్టి చేతుల్తో బయటికొస్తాడు. మళ్ళా పోతాడు. జనమంతా గుగ్గిళ్ళు నమిలేది ఆపి చూస్తాండారు.

మూడోసారి పలుపు తీసుకొని గడప దాకా వచ్చేసినాడనుకో, సుంకమ్మ పొయ్యికాడ్నుంచి గంటె పట్టుకొనే వచ్చి అడ్డం నిలబడె. "పరాయోని చేతికి పలుపు గడప దాటదు. తాత కాలంనుంచి దాటలేదు, ఈపొద్దు దాటదు. ఏమప్పా ఓబులేసూ, నీకు పలుపు కావల్నా, గుర్రం మాట వినల్నా?" గుర్రం మాట వింటే సాలు వదినా అన్న్యాడు వాడు. "అట్లైతే గుర్రాన్నే ఈడికి తోలుకరా. మా గుంజకి కట్టు. నీ చెయ్యి దానికి అలవాటయిందాంక మాయప్ప నేర్పిస్తాడు. ఆమైన నీ తాడుతో నువ్వు తోలుకపో." వాడు ఆలోచన చేసి, ముందు ఇంత గుగ్గిళ్ళు పెట్టు అన్న్యాడంట. నాలుగు సార్లు పెట్టించుకున్న్యాడు. మా అవ్వ ఆడే ఉండె, లెక్కపెట్టె.

వాడు బాడుగ లారీలో పోయి సాయంత్రానికి తోలుకొచ్చినాడు. లారీలోంచి దించేటప్పటికి కాళ్ళకి పుండ్లు, నోట్లో నురగ, మనిషి దగ్గరికి పోతే చెవులు ఎనక్కి పెడతాంది. లాలప్ప దగ్గరికి పోలేదంట, భయపడినాడు, నన్నూ మర్చిపోయిందేమో అని. గోడ చాటున నిలబడి పలుపు ఊపినాడు. గలగల. అంతే లే! ఓబులేసుని ఈడ్చుకొని వచ్చె, వాడు తాడు ఇడ్సలేదు పాపం, దుమ్ములో పడి బోర్లా వచ్చె. అది వచ్చి గోడ చాటున దూరి, లాలప్ప కడుపులోకి తలకాయ పెట్టి తోస్తాంది, తోస్తాంది. కడిగినారు, పుండ్లకి పసుపు పూసినారు, ఎనిమిదో గవ్వ కట్టినారు, పక్కన పెట్టిన పిడికిడి పెట్టినారు. నరసక్క ఏడ్చిందంట, పొగ అన్న్యాదంట, పొయ్యి ఆరిపోయి ఎంతసేపాయె.

శిల్పా, అయిపోలేదు, సంతోషం బొమ్మలు పెట్టొద్దు. కష్టం ఇప్పుడుంది. ఎందుకంటే లాలప్ప ఇప్పుడు వానికి నేర్పల్ల గదా. ఎంత బాగా నేర్పితే అంత తొందరగా గవ్వ పోతాది. నేర్పకపోతే ఉంటాది. అదీ ఆయప్పకి తిక్క. మొదటిరోజు ఏం చేసినాడంటే, "ఏం ల్యా ఓబులేసూ, ఎనకమాల్నుంచి మెల్లిగా పోయి తోక నిమరల్ల, దానికి ఇష్టం" అని చెప్పినాడు. వాడు పోయి నిమిరినాడు. ఒక్క తన్ను, పేడదిబ్బలో పడె. రెండోరోజు "దాని చెవిలో ఈల ఎయ్యల్ల" అన్న్యాడు. మళ్ళా దిబ్బ. మూడోరోజు వాడు దిబ్బలోంచి లేస్తా "అన్నా, నీకు గూడా నేర్చుకునేటప్పుడు ఇట్నే అయిందా" అని అడిగినాడంట, నిజంగానే అడిగినాడు, వానికి అనుమానమే రాలా. లాలప్ప తలకాయ పక్కకి తిప్పుకున్న్యాడు.

ఆ రాత్రి కూడు పెట్టకుండా సుంకమ్మ అడిగింది. "వాడు నేర్చుకోకపోతే విసుగొచ్చి ఏం చేస్తాడయ్యా? కాళ్ళ పుండ్లు చూసినావు గదా. గుర్రం నీకాడ ఉండల్ల అనుకుంటాండావు. గుర్రం బాగుండల్ల అని ఎప్పుడనుకుంటావు?" ఆయప్పకి రాత్రంతా ఒకటే పొర్లాట. తెల్లారి లేచి ఓబులేసుని పిలిచి, ముందునుంచి రావల్ల అని చెప్పినాడు. అరచెయ్యి వాసన చూపించల్ల, మెడకింద గోకల్ల, పేరు పెట్టి పిలవల్ల. అన్నీ చెప్పినాడు. ఒకటి మాత్రం గొంతులోనే ఆపినాడు, అది చెప్పేకి ఇంకో నెల పట్టె. ఈలోపల ఓబులేసు వారానికొకసారి వాళ్ళూరికి పోయి కాలవ గట్టు పచ్చిగడ్డి మోపులు తెస్తాండె, గవ్వకి పక్కటెముకలు మూసుకపాయె. వాడు అరుగు మీదే పడుకుంటాడు, సుంకమ్మ పెట్టింది తింటాడు, పొద్దున్నే లాలప్పతో కొట్లాడతాడు, సాయంత్రం మళ్ళా కొట్లాడతాడు.

ఆఖరికి పోయే రోజొచ్చె. ఓబులేసు తన తాడు తాను పేనుకున్న్యాడు. ఏస్తే, గవ్వ తలకాయ పక్కకి పెట్టి వినె. ఏమీ వినపడక కాళ్ళు తొక్కబట్టె. అప్పుడు లాలప్ప, ఆ గొంతులో ఆపింది ఉంది గదా, కత్తి తీసుకొని కొట్టంలోకి పోయి, పలుపుకుండే ఎనిమిది గవ్వలూ ఒకటొకటి కోసి, తెచ్చి ఓబులేసు తాడుకి కట్టినాడు. "అది వినేది తాడు కాదబ్బీ, ఇవి. పలుపు గడప దాటకూడదు, గవ్వలు దాటకూడదని ఎవురూ చెప్పలేదు" అన్న్యాడు. సుంకమ్మ సద్ది కట్టిచ్చింది. లాలప్ప సాగనంపేకి రాలా. లోపలికి పోయి దుప్పటి ముసుగు పెట్టుకొని పండుకున్న్యాడు, మిట్టమధ్యాన్నం. గలగల అని పోతాంది, చిన్నగా అవుతాంది, ఇంకా చిన్నగా, ఇంక వినపడడంల్యా. వినపడకపోయినా వింటాండాడు.

ఊరి బయట వంక ఉంది గదా, గొర్లోళ్ళు ఆడ చూసినారంట. గవ్వ ఎంత బుద్ధిగా పోతాందంటే పెండ్లికూతురు గూడా దాని ముందర చాలదు. వంక దాటినాంక నిలబడిపోయింది గుర్రం కాదు, ఓబులేసు. ముందుకి రెండడుగులు ఏస్తాడు, ఎనక్కి తిరిగి చూస్తాడు. రాయి మీద కూచుంటాడు, లేస్తాడు. ఏం అన్నా, ఏమన్నా పోగొట్టుకున్న్యావా అని గొర్లోళ్ళు అడిగితే, "మా ఊళ్ళో ఇంటికి పోతే తాళం తీసేది నేనే, ఏసేది నేనే" అన్న్యాడంట. వాళ్ళకేం అర్థం కాలా.

లాలప్ప ముసుగులోనే ఉండాడు, గలగల. మనసు చేసే మోసమనుకున్న్యాడు. గలగల పెద్దదయితాంది. లేచి ఉరికితే వాకిట్లో గవ్వ, పక్కన ఓబులేసు. "ఏమప్పా వచ్చేసినావు" అని సుంకమ్మ అడిగితే, "సద్ది మర్చిపోయినా వదినా" అంటాడు. "సద్ది నీ భుజానికే ఉంది గదప్పా." వాడు భుజం చూసుకున్న్యాడు. అవును, ఉంది. "అయితే పొద్దెక్కువాయె, రేపు పోతాలే" అని గుర్రాన్ని తీసుకపోయి గుంజకి కట్టినాడు. లాలప్ప ఏమన్న్యాడనుకుంటాండారు, "ఆ ముడి ఏందిరా, గాడిదకేసినట్ల" అని కొట్లాటకి పోయినాడు.

ఆ రేపు ఇంతవరకూ రాలేదబ్బా, పదైదేండ్లాయె. గడ్డి వానిది, గుంజ వీళ్ళది, గుర్రం ఎవురిది అని అడిగితే ఇద్దరూ మీదికొస్తారు. కొన్నోడు ఎవుడైనా గుర్రాన్ని ఇంటికి తోలుకపోతాడు, గుర్రం ఇంటికి ఇల్లరికం వచ్చినోడు మాత్రం ఈడొక్కడే అని నరసక్క ఇప్పటికీ అంగట్లో చెప్తాది. ఓబులేసుకి తన పుట్టినరోజు ఎప్పుడో తెలీదు, చెప్పేకి ఎవురూ లేరు. అందుకని గవ్వ రోజే వానికీ చేసేస్తారు. మొదటి పిడికిడి ఆ ముసలిగుర్రానికి, రెండోది వానికి. మూడోది ఎవురికి అని ప్రతి ఏడూ ఊళ్ళో కొట్లాటే. దాని సంగతి నన్నడగొద్దు, పోయినేడు నరసక్క గిన్నె సొట్టపోయింది నా తలకాయ తగిలే.