కిష్టవ్వ పదకొండు సెకన్లు

అధ్యక్ష స్థానంలో ఉన్న మా యజమాని జలపతిరావు గారికి, మా మానేటి వెలుగు ఛానల్‌ను కేబుల్ తీగల్లోంచి ఊడబెరికి ఫోన్లలోకి ఎక్కించే పని మీద హైదరాబాదు నుంచి విచ్చేసిన ముఖ్య అతిథి భానుప్రసాద్ గారికి, యజమాని గారి అబ్బాయి, మా చిన్నసారు తారక్ బాబుకు, ముందు వరుస పెద్దలకు, వెనక వరుసలో కూర్చున్నా నాకు పెద్దలే అయినవాళ్లకు, భోజనాల ఆవిరి ఎటు నుంచి వస్తోందా అని మెడ తిప్పుతున్న నా తోటివాళ్లందరికీ ఈ సదానందం నమస్కారాలు. (నవ్వులు)

శాలువా కప్పారు, సంతోషం. ఈ ఎండలో కరీంనగర్‌లో శాలువా కప్పించుకోవడానికైనా మనిషికి ముప్పై ఒక్క ఏళ్ల ఓర్పు కావాలి. ఐదు నిమిషాల్లో ముగించమని తారక్ బాబు చెవిలో చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లు కెమెరా వెనక నోరు మూసుకుని నిలబడ్డవాణ్ణి బాబూ, ఇవాళ మైకు నా చేతిలో ఉంది, జర ఓపిక పట్టు.

మీ చేతుల్లో ఉన్న ఆహ్వాన పత్రికలో చివరి అంశం చూడండి. 'మూడు వందల పదహారు అపురూప గల్ఫ్ క్యాసెట్ల బీరువా తాళంచెవి అప్పగింత' అని బంగారు అక్షరాల్లో వేశారు. అంటే నా మాటలు అయ్యాక నేను తాళంచెవి ఇవ్వాలి, చిన్నసారు తీసుకోవాలి, అందరూ చప్పట్లు కొట్టాలి, రేపటి నుంచి ఆ క్యాసెట్లలోని అవ్వలూ పెళ్లాలూ పిల్లలూ ఒక్కొక్కరే మీ ఫోన్లలో ఏడుస్తూ కనపడాలి, మధ్యమధ్యలో బనియన్ల ప్రకటనలు రావాలి. ఆ తాళంచెవి గురించే ఇప్పుడు నాకు మాట్లాడాలని ఉంది.

దానికంటే ముందు ఈ పుస్తకం. గుమ్మం దగ్గర అందరికీ ఇచ్చారు కదా, 'ఉత్తర తెలంగాణలో దృశ్య విప్లవం' అని. నేను రాత్రంతా చదివాను. మొదటి పేజీలో జలపతిరావు గారు, మూడో పేజీలో జలపతిరావు గారు, పదకొండో పేజీలో ఆయన కుక్క. (నవ్వులు) నవ్వకండి, ఆ కుక్క కూడా పాపం మంచిదే. పంతొమ్మిది వందల తొంభై మూడులో ఆయన స్వయంగా రైస్‌మిల్లు కప్పెక్కి మొదటి డిష్ బిగించారని ఇందులో రాసుంది. సార్, మీకు రెండో మెట్టెక్కితేనే కళ్లు తిరుగుతాయి. ఆ డిష్ బిగించింది గోపాల్. స్తంభం స్తంభం ఎక్కి, గబ్బిలంలా తీగలకు వేలాడి, జమ్మికుంట దాకా లైను లాగింది గోపాల్. ఒక వానాకాలం స్తంభం మీద నుంచి పడి నడుం విరిగింది. అతని పేరు పుస్తకంలో భూతద్దం పెట్టి వెతికాను. లేదు.

ఇంకో అధ్యాయం 'ప్రజల భాషకు పట్టం' అట! మొదటి పదిహేనేళ్లు మా స్టూడియోలో ఎవడైనా 'ముఖ్యమంత్రి వచ్చిండు' అంటే ఆ పూట అతనికి కెమెరా ముందు చోటుండేది కాదు. ఇక్కడ పుట్టిన పిల్లలు నాలుక మడతేసుకుని 'విచ్చేశారు' అని నేర్చుకున్నారు. ప్రత్యేక రాష్ట్రం వచ్చిందో లేదో, మన యాస చదవడానికి ఎక్కడి నుంచో ఒక అమ్మాయిని తెచ్చారు. ఆమె ప్రతి మాట ముందు ఒక 'గీ', వెనక ఒక 'గా' తగిలించి చదువుతుంటే మా ఇంట్లో మా అవ్వ అడిగింది, "గా పొల్లకు పంటి నొప్పి గిట్ల ఉన్నదా బిడ్డా?" అని. (నవ్వులు) నేనివాళ మీ ముందు ఇట్లా పుస్తకంలా మాట్లాడుతున్నానంటే అదీ మా ఛానల్ పెట్టిన తిండే.

సరే, క్యాసెట్ల సంగతి. ఇక్కడున్న పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. అప్పుడు ఈ జిల్లాల్లో ఇంటికొకరు దుబాయిలోనో షార్జాలోనో మస్కట్‌లోనో ఉండేవాళ్లు. ఫోను చేయాలంటే మండలానికి పోవాలి. మేమేం చేశామంటే, ఆదివారం ఆదివారం కెమెరా పట్టుకుని ఊళ్లకు పోయి, ఇంటివాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, గల్ఫ్‌లో ఉన్న మనిషితో మాట్లాడినట్టు కెమెరాతో మాట్లాడించి, ఆ క్యాసెట్ పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. అక్కడి కస్టమ్స్ వాళ్లు గుంజుకుంటే మళ్లీ పంపడానికి ఇంకో కాపీ మా బీరువాలో ఉంచేవాళ్లం. బీరువాలో ఉన్నవి అవే. ఛానల్‌లో వేయడానికి తీసినవి కావు, ఒక్కనాడూ వేయలేదు. అవి ఉత్తరాలు. ఇంకొకరి ఉత్తరం మన ఇంట్లో దొరికితే చదువుతామా? సిగ్గున్నవాళ్లం చదవం.

కానీ ఆ పనిలోనూ మాకొక పద్ధతి ఉండేది. జలపతిరావు సార్, మీకు గుర్తుండే ఉంటుంది, "ఏడుపు లేకపోతే వాళ్లకు క్యాసెట్ చూసినట్టే ఉండది. ఆఖర్ల జర ఏడిపియ్యి సదానందం" అని మీరే చెప్పారు. నేను బుద్ధిమంతుణ్ణి కదా, దాన్నొక విద్యలా నేర్చాను. చివర ఐదు నిమిషాలుండగా, "మీవోడు పోయేనాడు బస్సెక్కుకుంట ఏమన్నడు?" అని అడిగేవాణ్ణి. అంతే. ఎంత గట్టి మనిషైనా కొంగు అందుకోవాల్సిందే. కెమెరా దగ్గరికి జరిపేవాణ్ణి.

టీవీ టీవీ అని గొప్పలు పోతాం కానీ, మన ప్రాంతపు టీవీ చరిత్ర మొత్తం ఈ ఒక్క పద్ధతే. రెండు వేల పద్నాలుగులో కాగజ్‌నగర్ మిల్లు మూతపడితే నన్ను పంపారు. కార్మికుల కాలనీలో రోజంతా తిరిగి, ఏం జరిగిందో, ఏం కావాలో వాళ్ల నోటితో చెప్పించి గంటసేపు తీశాను. ఆఫీసు నుంచి ఫోన్, "ఏడ్చేటోళ్లు దొరికిండ్రా?" అని. రుక్మాబాయి అని ఒక మరాఠీ పెద్దమనిషి పక్కనే ఉండి విన్నది. "కాయ్ భావూ, మేమెందుకేడుస్తం? మిల్లు ఎప్పుడు తెరుస్తరని అడుగుతున్నం. గది చూపెట్టు మీ టీవీల" అన్నది. గంటలోంచి మా ఛానల్ ఏం చూపించింది? దుమ్ము పడి కళ్లు తుడుచుకుంటున్న ఒకావిడను, వెనక వయొలిన్‌ను. పెద్ద ఛానళ్లు కూడా ఆ ముక్కే అడిగి తీసుకున్నాయి. థూ! క్షమించండి, వేదిక మీద అనకూడదు. కానీ అన్నాను, ఉండనివ్వండి.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన దసరాకు ముందు చిన్నసారు నన్ను పిలిచి, "అంకుల్, నమూనాకు ఒక క్యాసెట్ తీసియ్యండి, ఫోన్ల పెట్టి చూద్దాం" అన్నాడు. చేతికందింది ఇచ్చాను. పేరు కూడా చదవకుండా ఇచ్చాను చూశారా, అదీ నా తెలివి. అది ధర్మపురి దగ్గరి కిష్టవ్వ, షార్జాలో ఉన్న కొడుకు మొండయ్య కోసం మాట్లాడిన క్యాసెట్. నలభై నిమిషాలు. అందులో ముప్పై తొమ్మిది నిమిషాలు ఆ మనిషి నవ్వుతుంది, నవ్విస్తుంది. మొదలు పెట్టడమే, "గీ నల్లడబ్బల నా కొడుకు యాడున్నడు సదానందం? లోపట గాలి ఆడుతదా?" అని అడిగింది. "నువ్వు పంపిన సెంటు కొట్టుకొని బాయికాడికి పోతే తేనెటీగలు ఎంటబడ్డయి బిడ్డా, ఊరంత ఉరికిన" అంటుంది. కెమెరా ఊగిపోయింది, నవ్వాపుకోలేక.

తారక్ బాబూ, భానుప్రసాద్ గారూ, ఇద్దరూ కలిసి ఆ నలభై నిమిషాల్లోంచి ఏం ఏరుకున్నారు? చివరి పదకొండు సెకన్లు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చిన పదకొండు సెకన్లు. దానికింద 'ఈ తల్లి కన్నీళ్లు చూస్తే మీ గుండె ఆగుతుంది' అని రాశారు. లక్షల మంది చూశారట, ఒక్కడి గుండె కూడా ఆగలేదు. భానుప్రసాద్ గారు మాకు క్లాసు కూడా తీసుకున్నారు. ఆ క్లాసులో కిష్టవ్వను 'కంటెంట్' అన్నారు. చనిపోయి ఆరేళ్లయిన మనిషి అండీ ఆవిడ.

మొండయ్య కూతురు వందన ఇక్కడే డిగ్రీ చదువుతోంది. క్లాసులో పక్కపిల్ల ఫోన్లో వాళ్ల నాయనమ్మను చూసింది. తెల్లారి ఆఫీసుకొచ్చి, "మా నాయనమ్మది తీసెయ్యుండ్రి సార్" అని అడిగితే, "క్యాసెట్ మాది, హక్కులు మావి" అని కుర్చీ కూడా చూపించకుండా పంపారు. నేను మెట్ల మీద ఆ పిల్లను ఆపాను. ఆమె నాతో ఒక మాట అన్నది: "మా బాపు గా క్యాసెట్ ముచ్చటే ఎత్తనియ్యడు పెద్దబాపు. గా నవ్వు అంత తనకోసం యాక్టింగ్ చేసిందంటడు. ఆఖర్ల ఏడ్సిందే అసలు అవ్వ అంటడు."

ఆ రోజు నుంచి ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క వీసీఆర్ చెడిపోయింది. (నవ్వులు) చెడిపోయిందని చెప్పింది నేనే. చిన్నసారు మూడుసార్లు మెకానిక్‌ని పిలవమన్నాడు, నేను మూడుసార్లూ పిలిచానని చెప్పాను. ఆ వీసీఆర్ మా ఇంట్లో పనిచేస్తూనే ఉంది. ప్రతి క్యాసెట్‌నూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, రెండూ ఒక కవర్లో పెట్టి, సెలవు దొరికిన ప్రతిరోజూ నా టీవీఎస్ మీద ఊరూరా తిరిగి, ఎవరివి వాళ్లకు ఇచ్చి వచ్చాను. కొందరు నన్ను గుర్తుపట్టారు, కొందరు 'ఏం అమ్ముతున్నవు?' అన్నారు. ఒక ఊళ్లో భర్త ముప్పై ఏళ్ల కింద గల్ఫ్‌లోనే పోయినావిడ కవరు తీసుకుని, తలుపేసుకుని, నన్ను మంచినీళ్లు కూడా అడగలేదు. అడగకపోవడమే నాకు నచ్చింది.

కాబట్టి ఇదిగోండి తాళంచెవి. తీసుకో బాబూ. ఫొటో దిగుదాం రా. లోపల చెదల మందు వాసన ఒక్కటే మిగిలింది. (కలకలం)

జలపతిరావు సార్, కూర్చోండి, మీకు బీపీ ఉంది. కేసు పెడతారా, పెట్టండి. మా ఇల్లు మీకు తెలుసు. మీ అమ్మగారు పోయినప్పుడు ఆవిడ అంతిమయాత్ర తీసిన క్యాసెట్ కూడా ఆ బీరువాలోనే ఉండింది. దాన్ని మీ ఇంట్లోనే ఇచ్చాను, మీ భార్య తీసుకుంది. అది ఫోన్లో పెడతారా? పెట్టరు. అదీ లెక్క... లెక్క కాదు, అదీ మర్యాద. మిగతా మూడు వందల ఇళ్లకూ ఆ మర్యాదే కావాలి.

మూడు వందల పదిహేను ఇచ్చాను. ఒక్కటి ఇవ్వలేదు. ధర్మపురి దాకా నాలుగుసార్లు పోయాను, నాలుగుసార్లూ దేవునికి దండం పెట్టుకుని తిరిగొచ్చాను. మీ ఊళ్లోకి మాత్రం పోలేదు. ఇంతసేపూ మీ అందరినీ తిట్టాను కదా, ఇప్పుడు చప్పట్లు కొట్టకుండా వినండి.

మొండయ్యా, వెనక తలుపు దగ్గర నిలబడ్డావు, నేను వందనతో కబురు పెడితే వచ్చావు. మీ అవ్వ దగ్గర నా విద్య పారలేదు తమ్మీ. బస్సెక్కేటప్పుడు ఏమన్నడని అడిగితే, "ఏమంటడు? బస్సు పోతున్నదని ఉరికిండు, చెప్పు ఊడింది" అని ఇంకా నవ్వింది. క్యాసెట్ అయిపోతోంది, నాకు ఏడుపు కావాలి. అప్పుడు నేనన్నాను, "అవ్వా, ఊకె నవ్వితే మీవోడేమనుకుంటడు? నేను లేకున్నా అవ్వ మంచిగనే ఉన్నదనుకుంటడు. జర ఏడువు" అని. ఆవిడ నా ముఖంలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది. అదీ ఆ పదకొండు సెకన్లు.

నువ్వు అక్కడ అది చూసి, ఇంట్లో ఏదో అయింది, అవ్వ నవ్వి దాస్తోంది అనుకుని, కంపెనీ సెలవు ఇవ్వకపోతే పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే వదిలేసి పారిపోయావు. ఇంటికి రావడానికి టికెట్టు డబ్బుల కోసం దొంగచాటుగా పని చేసుకుంటూ, దొరికి, నాలుగు నెలలు జైల్లో ఉండి, ఒంటి మీది బట్టలతో ఊరికొచ్చావు. రెండు వేల మూడు పుష్కరాలకు నేను ధర్మపురి పోతే మీ అవ్వ రేవు దగ్గర కనపడింది. "మావోడు ఎందుకేడ్సినవే అని అడిగిండు సదానందం. నువ్వు ఏడువమన్నవని చెప్పలే. చూడబుద్ధయి ఏడ్సిన అన్న. నీ పేరు చెప్తే నిన్ను కొట్టనీకొస్తడు" అన్నది. నేనేమన్నానో తెలుసా? "మంచిపని చేసినవ్ అవ్వా" అన్నాను. ఆవిడ పెట్టిన పేలాలు తిని, కెమెరా భుజానేసుకుని పోయాను. నా పాపం తన మీద వేసుకుని పోయింది ఆ తల్లి, నేను ఇరవై ఏళ్లకు పైగా హాయిగా అన్నం తిన్నాను.

(హాలు వెనక నుంచి మొండయ్య: "అన్నా, అయితే గా నవ్వు?")

నిజం తమ్మీ. ఒక్క నిమిషం కూడా నటించలేదు. తేనెటీగలు కూడా నిజమే. ముప్పై తొమ్మిది నిమిషాలు నిన్ను తలుచుకుని సంబురంగా నవ్వింది. ఏడుపే నాది.

క్యాసెట్ ఈ సంచిలో ఉంది, పెన్‌డ్రైవ్ కూడా ఉంది, దిగొచ్చి ఇస్తాను. కొట్టాలనుంటే అక్కడే కొట్టు, నేను తప్పుకోను. ఇంతసేపు భరించిన అందరికీ, పుస్తకంలో పేరు లేని గోపాల్‌కు, ఈ శాలువాకు కృతజ్ఞతలు. సెలవు.