మ్యూజియంకు మోసిన బిందెలు

“అమ్మమ్మా, రేపు బడోళ్లు మమ్మల్ని మ్యూజియంకు తోల్కపోతున్నరు. నువ్వెప్పుడన్న చూసినవా?”

సూసిన బిడ్డా, ఒక్కపారి. మళ్ల ఆ గడప తొక్కలే, మొఖం చెల్లక.

మా చెల్క గట్టున రాతిదేవుడు ఉంటుండె. కండ్లు మూసుకొని సక్కగ కూసున్న దేవుడు. ఎవరి దేవుడో ఏమో, మేమైతే వానదేవుడంటుంటిమి. కాలం కాకపోతే బిందెలతోని నీళ్లు పోస్తుంటిమి. మా ఊరి బాయినీళ్లే పోయాలె, వేరేవి పనికిరావు. మా అత్త గయ్యాళిది గని, ఆ కట్టుబాటు మాత్రం తప్పకపోతుండె... ఆమె ముచ్చట ఇంకోపారి చెప్త.

ఇగ మందుల కంపెనీలొచ్చినయి, చెల్క అమ్మినం. పాతకాలం దేవుడని సర్కారోళ్లు తీస్కపోయి రోడ్డు మీది మ్యూజియంల పెట్టిండ్రు. ఆ ఏడు వానల్లేవు. ఆడోళ్లం నలుగురం బిందెలు నింపి, మూతికి గుడ్డ కట్టి బస్సెక్కినం. అప్పట్ల రూపాయిస్తే పటాన్చెరు దాక పోతుండె, తెలుసా? కండక్టరు కసురుకుండు. బిందెలు ఎక్కించినందుకే అనుకున్నం.

ఆడి కావలి జవాను మంచోడు. పెద్దసారునడిగొచ్చి, కింద తొట్టి పెట్టి, “పోయుండ్రి, జెర నిమ్మళంగ” అన్నడు. నేను బిందె మూతి గుడ్డ ఇప్పిన. గదంత కుళ్లిన మందు వాసన. పట్నమోళ్లు ముక్కులు మూసుకొని బయటికి పోయిండ్రు.

“ఏం నీళ్లమ్మా ఇవి?” అన్నడు జవాను.

“మా ఊరి బాయినీళ్లే” అన్న. కంపెనీలొచ్చినంక తాగుడు ట్యాంకరు నీళ్లే గదా, బాయినీళ్లు బాసండ్లకు, బట్టలకు. దినాం ఆ వాసనల్నే ఉంటిమి, మా ముక్కులకేం ఎరుక? మా ఇంటికొచ్చిన సుట్టాలు జల్దీ ఎందుకు లేస్తుండ్రో అప్పుడు సమజైంది. నా చీర గూడ గట్లనే కొడుతుండెనేమో. సిగ్గుతోని సచ్చిపోయిననుకో.

పోస్తే పాపం, పోయకుంటే వాన లేదు. బిందె పట్టుకొని గట్లనే నిలవడ్డ. జవాను తాను తాగే నీళ్ల సీసనే నా చేతుల పెట్టిండు. గవ్వే పోసిన. దేవుని బుజం తడిసింది, గంతే. మా బిందెలు మళ్ల మూతిగట్టి, బస్సుల ఎవలకు తగలకుండ ఎనకకు నిలవడి వచ్చినం.

నువ్వైతే పో బిడ్డా. మొక్కు, మంచిగ మొక్కు. ఏ ఊరోళ్లని అడిగితే మాత్రం మన ఊరు చెప్పకు...

నీ చేతి నీళ్లు దేవునికి పనికొచ్చే ఊర్ల, నువ్వు సల్లగ బతకాలె.