తొమ్మిది టి.సి.లపై పడని సంతకం

1991వ సంవత్సరం జూన్ నెల పన్నెండవ తేదీన, బంగారుపాళ్యంలో మామిడికాయల మండీని ఆనుకొని ఉన్న రేకుల షెడ్డులో మన ప్రైవేటు పాఠశాల తలుపులు తెరచుకున్న నాడే, శ్రీమతి రాఘవమ్మ గారు సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలిగా విధులలో చేరారు. పలమనేరు సమీపాన రైతు కుటుంబంలో జన్మించి, అక్కడి బడులలో తొమ్మిదేళ్లు బోధించి వచ్చిన ఆమె, అరవై నలుగురు పిల్లల ఆ చిన్న బడిని పదవ తరగతి వరకు పెంచిన వారిలో అగ్రగణ్యులు. ఈ 2008 ఏప్రిల్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు.

1996లో ప్రధానోపాధ్యాయిని అయిన తరువాత ఆమె తన గది తలుపు మూయలేదు. జూన్ నెలలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు పనికి వెళ్లే తల్లులు షిఫ్టు దిగి వచ్చేవరకు వారి పిల్లలను వరండాలో కూర్చోబెట్టుకొని చదివించేవారు. అటువంటి మనిషికి 2002 మార్చిలో ఎదురైన సంఘటనను మన పాఠశాల వెలువరిస్తున్న ఈ వీడ్కోలు సంచికలో రాయవద్దని పలువురు సలహా ఇచ్చారు. రాయకపోతే ఆమెకు చేసే సన్మానం శాలువాతోనే ఆగిపోతుంది.

ఆ నెలలో యాజమాన్య సంఘం కరెస్పాండెంట్ గారి ఇంట్లో సమావేశమై, తొమ్మిదవ తరగతిలో వెనుకబడిన తొమ్మిది మంది పేర్లు ఆమె ముందుంచింది.

"మేడమ్, వచ్చే ఏడాది పదో తరగతిలో నూటికి నూరని బస్సు వెనకాల రాయించాల. వీళ్లుంటే యాడ రాయిస్తాం? టి.సి.లు ఇచ్చేయండి, ఇంగో బడి చూసుకుంటారు," అన్నారు కరెస్పాండెంట్ గారు.

రాఘవమ్మ గారు లేచి నిలబడ్డారు. "రానోళ్లకు నేర్పించేదానికే గద సార్ బడి పెట్టింది? మంచివి ఏరి పెట్టుకొని మిగతావి పారేసేదానికి వీళ్లేమన్నా మామిడికాయలా? నేను సంతకం పెట్టను."

ఆ ఆగ్రహంలో బయటికి వచ్చి పలమనేరు బస్సెక్కిన ఆమె, ఇల్లు చేరిన తరువాత గానీ చూసుకోలేదు: ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి కరెస్పాండెంట్ గారి సతీమణి చెప్పు! మరునాడు దానిని కాగితంలో చుట్టి తెచ్చి ఇస్తూ, "చెప్పు మారింది సార్, మాట మారలేదు," అన్నారు.

ఆమె సంతకం లేనిదే టి.సి. చెల్లదు. కనుక యాజమాన్యం మరొక దారి తొక్కింది. తల్లిదండ్రులను విడివిడిగా పిలిపించి, తామే టి.సి. కోరుతున్నట్టు అర్జీలు రాయించింది; కన్నవారే అడిగితే ఆమె కాదనలేరని లెక్క. వాటిలో ఒకటి, గుజ్జు ఫ్యాక్టరీ కార్మికురాలు తిరుమలమ్మ గారి వేలిముద్రతో, రాఘవమ్మ గారి బల్ల మీదికి వచ్చింది. ఆమె వెంటనే తిరుమలమ్మ గారిని పిలిపించారు.

"దీంట్లో ఏం రాసుందో తెలిసే వేలిముద్ర వేసినావా, తిరుమలమ్మా?"

"నాకేం తెలుసునమ్మా? బిడ్డకు మంచిదని సెప్పినారు. వేసినాను."

రాఘవమ్మ గారు చదివి వినిపించారు: 'మా కుమార్తె కోమలి చదువుపై మాకు ఆసక్తి లేనందున...'

"నాకు ఆసక్తి లేదా?" అన్నారు తిరుమలమ్మ గారు. "దాన్ని సదివించేదానికే గదమ్మా నేను రెండు షిఫ్టులు సేసేది!"

ఆ శనివారమే రాఘవమ్మ గారు తల్లిదండ్రులందరినీ పాఠశాల ఆవరణలో సమావేశపరచి, అప్పటికి తన బల్ల మీదికి చేరిన తొమ్మిది అర్జీలనూ బిగ్గరగా చదివారు. తొమ్మిదింటిలోనూ ఒకే వాక్యం, ఒకే చేతిరాత. ఉపాధ్యాయులమైన మేము పదకొండుగురం ఆమె వెనుక బెంచీల మీద తలలు వంచుకొని కూర్చున్నాము. ఒక్కరం కూడా లేచి నిలబడలేదు.

లేచినవారు ధర్మేంద్ర గారు, ఆ తరగతిలో మొదటి ర్యాంకు విద్యార్థి తండ్రి. "ఈ పొద్దు ఈ తొమ్మిది మంది. రేపు మావోడికి జొరమొచ్చి మార్కులు తగ్గితే వాణ్ణీ తోసేస్తారు గదా? ఇస్తే అందరికీ ఇయ్యండి టి.సి.లు!" అన్నారు. ఆవరణంతా ఆయన వెంట గొంతు కలిపింది. యాజమాన్యం అర్జీలను వెనక్కు తీసుకున్నది.

2003లో నలభై ఒక్కమంది పదవ తరగతి పరీక్ష రాయగా ముప్పై ఎనిమిది మంది ఉత్తీర్ణులయ్యారు. ఆ తొమ్మిది మందిలో ఆరుగురు గట్టెక్కారు. కోమలి గణితంలో తప్పి, సాంఘికశాస్త్రం చెప్పే రాఘవమ్మ గారి వద్దనే లెక్కలు నేర్చుకొని, జూన్‌లో మళ్లీ రాసి నెగ్గింది. ఇంత చేసినందుకు రాఘవమ్మ గారికి దక్కిన బహుమానం ఏమిటి? తిరుపతి నుండి తెచ్చిన కొత్త ప్రిన్సిపాలుకు ఆమె గదిని అప్పగించి, ఆమెను ఎనిమిదవ తరగతికి పాఠాలు చెప్పేందుకు పంపారు. ఆ ప్రిన్సిపాలు విద్యాసంవత్సరం నడుమ మరో బడికి వెళ్లిపోయేవరకు, రెండేళ్లపాటు, ఆమె ఒక్క పూట సెలవు పెట్టకుండా పాఠం చెప్పారు. తిరిగి పదవిలో కూర్చోబెట్టిన నాడైనా క్షమాపణ మాట ఎవరి నోటా రాలేదు.

ఈ సంచిక మొదటి పుటలో మన పాఠశాల ఫలితాల పట్టిక ఉన్నది. అందులో 2003 లేదు. నూటికి నూరు రాని ఏడాది కనుక తొలగించారట! మన పాఠశాల బడి అనే పేరుకు తగినట్టు నడచిన సంవత్సరం అదొక్కటేనని, ఆనాడు తలవంచుకొని కూర్చున్న పదకొండుగురి పక్షాన ఇక్కడ నమోదు చేస్తున్నాము.

పలమనేరు చల్లగాలిలో, అయినవారి నడుమ, రాఘవమ్మ గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లుగాక. ఆ నూరేళ్లలో ఏ ఒక్కనాడూ ఆమె కోపం చల్లారకుండుగాక.